సున్నం వేసిన డాబా కింద
(పల్నాడులోని ఒక పట్టణ గ్రంథాలయంలో, శివరాత్రి వెళ్ళిన వారంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. ఈసారీ అలాగే వెళ్ళిపోయింది. ఇంకో నెలన్నర గడిస్తే సాయంత్రం వార్తల్లో మన రెంటచింతల పేరు మళ్ళీ వినిపించడం మొదలవుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని విన్నాం, రోళ్ళ సంగతి ఎలా ఉన్నా ఆ రోజుల్లో మనుషులు మాత్రం నిజంగానే కూలిపోతున్నారు. అందుకే ఎండలు ముదరకముందే, ఇంటి కప్పుకు తెల్ల పూత వేయడం గురించి ఈ నాలుగు మాటలు చెప్పాలని గ్రంథాలయం వారిని అడిగి మరీ వచ్చాను.

లోపలికి వచ్చేటప్పుడు మెట్ల పక్కన రెండు సిమెంటు పలకలు చూసి ఉంటారు. రెండూ ఒకే అచ్చులో, ఒకే రోజు పోసినవి. ఒకదానికి పోయిన వారం రెండు పూతలు సున్నం వేశాను, రెండోదాన్ని అలాగే వదిలేశాను. మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి రెండూ పక్కపక్కనే ఎండలో ఉన్నాయి. ఇదిగో, ముందు వరుసలో కూర్చున్న ఈ పెద్దమ్మగారు బూడిదరంగు పలక మీద వేళ్ళు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. తర్వాత తెల్ల పలక మీద అరచేయి మొత్తం పరిచి, కాసేపు అలాగే ఉంచి, "దీన్ని ఇప్పుడే నీడలోంచి తెచ్చి పెట్టావా నాయనా?" అని అడిగారు. లేదమ్మా. దానికీ దీనికీ తేడా గోటి మందం కూడా లేని సున్నపు పొర ఒక్కటే.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇళ్ళకు శ్లాబులు పోయించిన మనిషిని. ఇనుము ఎంత పడాలి, కంకర ఎంత పడాలి, నీళ్ళు ఎన్ని రోజులు పట్టాలి, అన్నీ చూసుకున్నాను. ఆ శ్లాబు కింద మే నెలలో మనిషి ఎలా పడుకుంటాడన్నది మాత్రం చాలా ఏళ్ళు ఆలోచించలేదు. ఆ బాధ మనసులో ఉండబట్టే ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

మిట్టమధ్యాహ్నం ఎండ మన నెత్తిన ఎంత శక్తిని కుమ్మరిస్తుందో ఒకసారి లెక్క వేద్దాం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఒక చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్లు పడుతుంది. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె కూడా ఇంచుమించు 1,000 వాట్లదే. నూరు గజాల డాబా అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. అంటే డాబా నిండా 84 ఇస్త్రీ పెట్టెలు బోర్లించి స్విచ్ వేసినట్టు. మామూలు సిమెంటు శ్లాబు అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకు తిప్పికొడుతుంది. వానలకు నాచు పట్టి నల్లబడిన పాత శ్లాబు అదీ చేయలేదు. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 80 శాతం దాకా వెనక్కి పంపేస్తుంది. కాబట్టి వట్టి శ్లాబు మీద సుమారు అరవై ఇస్త్రీ పెట్టెలు పని చేస్తుంటే, తెల్ల శ్లాబు మీద పదిహేడు పని చేస్తున్నాయన్నమాట. ఆ వేడంతా ఇంట్లోకే దిగదు, చాలా భాగం గాలికీ ఆకాశానికీ పోతుంది. అయినా మిగిలింది చాలు మన ప్రాణం తీయడానికి.

శ్లాబుకు ఇంకో గుణం ఉంది. అయిదారు అంగుళాల కాంక్రీటు ఎండను వెంటనే కిందికి వదలదు. పొద్దంతా కడుపులో దాచుకుంటుంది, నాలుగైదు గంటలు ఆలస్యంగా కింది వైపుకు వదులుతుంది. అందుకే ఎండ వాలిన తర్వాత పైకప్పు సెగ మొదలవుతుంది. రాత్రి పది గంటలకు ఫ్యాను వేస్తే అది పైనున్న వేడి గాలినే తెచ్చి మంచం మీద పోస్తుంది. మా అమ్మ రోజూ సూర్యుడు దిగగానే రెండు బిందెలు మోసుకుని డాబా ఎక్కి నీళ్ళు చల్లేది. చుయ్యిమని ఆవిరి లేచేది, కాలిన సిమెంటు వాసన వచ్చేది, పది నిమిషాల్లో డాబా పొడిగా ఎండిపోయేది. ఆమె మళ్ళీ కిందికి దిగి ఇంకో రెండు బిందెలు తీసుకెళ్ళేది. లోపలికి వేడి వచ్చేశాక దాన్ని బయటికి తోడాలంటే అంత చాకిరీ ఉంటుంది. రాకుండా పైనే ఆపడం ఎంతో తేలిక.

వేడిని వదిలించుకునే దారి ఇంకొకటి ఉంది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని బయటికి విడుస్తుంది. వాటిలో 8 నుంచి 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్నవాటిని గాలి పెద్దగా అడ్డుకోదు. మన డాబాకూ అంతరిక్షానికీ మధ్య అక్కడ ఒక కిటికీ తెరిచి ఉన్నట్టు. చలికాలం తెల్లవారుజామున బయట పెట్టిన బండి సీటు తడిసి ఉంటుంది, చెట్టు కింద పెట్టిన బండి సీటు పొడిగా ఉంటుంది, గమనించారా? ఆకాశం కనిపించే సీటు రాత్రంతా వేడిని పైకి విడిచి, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోయింది. దాని మీద మంచు చేరింది.

దీనితో మన దేశంలో మంచుగడ్డలే తయారు చేసేవారు. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయుడు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అలహాబాదు ప్రాంతపు పద్ధతి గురించి రాశాడు. మైదానంలో రెండడుగుల లోతు గుంట తవ్వి, అడుగున ఎండిన చెరుకు గడలో మొక్కజొన్న చొప్పో మందంగా పరిచి, దాని మీద లోతు తక్కువ మట్టి మూకుళ్ళు వరుసగా పేర్చి, సాయంత్రం నీళ్ళు పోసేవారు. తెల్లవారకముందే వచ్చి మూకుళ్ళలో గడ్డకట్టిన మంచును ఏరుకునేవారు. మట్టి మూకుడు చెమర్చడం వల్ల కొంత, ఆకాశానికి వేడి వదలడం వల్ల కొంత, మామూలుగా మంచు కురవని నేల మీద మంచు పుట్టేది. ఆ మూకుళ్ళు పేర్చిన చేతుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇలా రాత్రి చల్లబడటం పాత సంగతే. పట్టపగలు, నడి ఎండలో కూడా ఒక వస్తువు గాలికన్నా చల్లగా ఉండగలదా? 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆశ్వత్ రామన్, షాన్హుయ్ ఫాన్ బృందం ఉండగలదని చూపించింది. వెండి పొర మీద హాఫ్నియం ఆక్సైడు, సిలికా పొరలు అతి పలుచగా ఒకదానిపై ఒకటి పేర్చి, ఎండలో 97 శాతాన్ని తిప్పికొట్టే అద్దంలాంటి పలకను చేశారు. నేరుగా ఎండలో పెడితే అది చుట్టూ ఉన్న గాలికన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లబడింది. కరెంటు లేదు, మోటారు లేదు.

అలాంటి పలకను మన డాబా మీద పరచలేం. రంగు డబ్బాలో దొరికితే వేసుకోగలం. అమెరికాలోనే పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం ఆ పనికి పూనుకుంది. మామూలు తెల్లరంగుల్లో వాడే టైటానియం డయాక్సైడు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. అందుకని దాన్ని పక్కన పెట్టి, 2020లో మరో పొడితో చేసిన రంగును ప్రకటించారు. అది 95.5 శాతం ఎండను తిప్పికొట్టింది. ఆ పొడి కాల్షియం కార్బొనేటు. పల్నాడు వాళ్ళం మనం ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. మన పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే సున్నపురాయి అదే. రాయిని కాలిస్తే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నం అవుతుంది. గోడకు వేశాక అది గాలిలోని అదే వాయువును మళ్ళీ పీల్చుకుని, మెల్లగా తిరిగి కాల్షియం కార్బొనేటుగా మారి గట్టిపడుతుంది. వాళ్ళ ప్రత్యేకత రేణువుల్లో ఉంది. రకరకాల పరిమాణాల రేణువులను రంగులో 60 శాతం దాకా దట్టించారు, ఒక్కో పరిమాణం ఎండలో ఒక్కో తరంగాన్ని చెదరగొడుతుంది. మరుసటి ఏడాది బేరియం సల్ఫేటుతో 98.1 శాతం సాధించారు. కడుపు ఎక్స్‌రే తీసే ముందు తాగిస్తారే, ఆ తెల్లటి ద్రవంలోది ఇదే. మన సున్నం వాళ్ళ రంగుకు సమానమని నేను అనడం లేదు, వాన పడితే ఇది కరుగుతుంది, పొడి రాలుతుంది. పదార్థం మాత్రం మన ఊరిదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చాలామంది రేకులకు వెండిరంగు పూత వేయిస్తున్నారు. మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటారు. లోహపు మెరుపు ఎండను కొంత తిప్పికొడుతుంది గానీ, తనలోకి దిగిన వేడిని ఆకాశానికి విడవడంలో వెనకబడుతుంది. ఎండలో వదిలేసిన స్టీలు గిన్నెను ముట్టుకుంటే తెలుస్తుంది. తెల్లరంగు రెండు పనులూ చేస్తుంది. 2017 నాటి కేంద్ర ఇంధన పొదుపు భవన నియమావళి కూడా ఈ రెండింటినీ అడిగింది. చదునైన కప్పు కొత్తలో కనీసం 60 శాతం ఎండను తిప్పికొట్టాలి, వేడిని విడిచే గుణం ఒకటికి కనీసం 0.9 ఉండాలి అంది.

ఇక అసలు విషయానికి వస్తాను. హైదరాబాదులో ఈ పూతల మీద మంచి పరిశోధన జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వాళ్ళూ, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాదు వాళ్ళూ కలిసి, ఒకే ఆవరణలో ఉన్న కార్యాలయ భవనాల మీద కొలతలు తీసి 2012లో ప్రచురించారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల కరెంటు, వట్టి కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అయింది. ఇందాకటి మన నూరు గజాల డాబా అలాంటి కార్యాలయానికి కప్పు అయితే, ఏడాదికి సుమారు 1,100 యూనిట్లన్నమాట. ఏసీ ఖర్చులో పది నుంచి పంతొమ్మిది శాతం. సున్నపు పొరకో రంగు పొరకో ఇది చిన్న ఫలితం కాదు.

ఇప్పుడు ఇదే లెక్కను మన పట్టణం చివర రేకుల ఇళ్ళకు తీసుకెళదాం. సిమెంటు రేకుల కింద ఒకటే గది, అందులో నలుగురు, ఒక ఫ్యాను. వాళ్ళ కప్పు మీద తెల్ల పూత వేస్తే ఎన్ని యూనిట్లు ఆదా అవుతాయి? సున్నా. ఏసీ లేని ఇంట్లో ఏసీ కరెంటు ఎలా ఆదా అవుతుంది? ముందు తిరిగిన ఫ్యానే ఆ తర్వాతా తిరుగుతుంది. కాగితం మీద ఆ ఇంటికి లాభం లేదు. కానీ పట్టణం మొత్తంలో ఆ పూత ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో చెప్పమంటే నేను ఆ ఇంటినే చూపిస్తాను. పగలు కూలికి వెళ్ళి ఎండలో కాగిన ఒళ్ళు రాత్రయినా చల్లబడాలి కదా. అది జరగకపోతే మర్నాటి ఎండను ఆ ఒళ్ళు తట్టుకోలేదు. వడదెబ్బ సగం రాత్రి పూటే పడుతుందని నా నమ్మకం. 2015 మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశమంతటా రెండు వేల మందికి పైగా వడగాలికి చనిపోతే, వాళ్ళలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. ఎంతమంది ఎలాంటి కప్పు కింద నిద్రపోయారో ఎవరూ లెక్క తీయలేదు.

కొన్నిచోట్ల ఆ ఇళ్ళ నుంచే మొదలుపెట్టారు. 2010 మే నెలలో అహ్మదాబాదులో వడగాలికి మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ దెబ్బతో 2013లో ఆ నగరం వడగాలి ప్రణాళిక తెచ్చుకుంది. 2017లో పేదల బస్తీల్లో సుమారు మూడు వేల కప్పులకు సున్నం వేయించారు. మళ్ళీ అదే సున్నం! అదే ఏడాది హైదరాబాదులో 25 పేద కుటుంబాల ఇళ్ళ మీద తెల్లటి పొర పరిచి చూస్తే, ఇంటిలోపల గాలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనుకోకండి.  ఒంటికి ఆ మాత్రం తేడా చాలా పెద్దది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ (చల్లని కప్పు) విధానం ప్రకటించింది. ఒక రాష్ట్రం ఇలాంటిది తేవడం దేశంలో అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని, అందులో 200 హైదరాబాదులోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ళకు తప్పనిసరి చేశారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే అంతకన్నా చిన్న ఇళ్ళకు ఇష్టముంటే వేసుకోండి అన్నారు. అరవై గజాల్లో సొంతంగా రేకులు వేసుకున్న కుటుంబానికి, అందులోనూ అద్దెకుండే వాళ్ళకు, ఇష్టం ఉన్నా డబ్బు ఎక్కడిది? ఆ విధానం కరెంటు వైపు నుంచి ఆలోచించింది. నిద్ర వైపు నుంచి కూడా ఆలోచించే చట్టం మన రాష్ట్రంలోనూ రావాలని నా కోరిక.

స్పెయిన్‌లో అల్మేరియా అనే ప్రాంతం ఉంది. అక్కడ వేల ఎకరాల్లో ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు పండిస్తారు, వేసవిలో మొక్కలు మాడకుండా ఆ కప్పులకు సున్నం కొడతారు. చుట్టుపక్కల ప్రాంతాలు వేడెక్కుతూ ఉంటే, అక్కడ మాత్రం 1983 నుంచి 2006 మధ్య పదేళ్ళకు 0.3 డిగ్రీల చొప్పున చల్లబడిందని కొలిచారు. టమాటాల కోసం వేసిన సున్నం ఊరిని చల్లబరిచింది. ఒక ఇంటి పూత ఆ ఇంటికే ఉపయోగం, వీధంతా వేస్తే వీధికి ఉపయోగం అని నేను ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ముందు కప్పు కడగాలి. నాచు, దుమ్ము, రాలిన ఆకులు మిగిలితే మీరు రంగు వేసేది దుమ్ముకే, వారంలో పొరలుగా లేచిపోతుంది. పగుళ్ళుంటే ముందే పూడ్చాలి. బాగా ఆరనివ్వాలి. సున్నమైతే మంచి గుల్ల సున్నం తెచ్చి, ముందు రోజే నానబెట్టి, వడగట్టి, కొంచెం తెల్ల సిమెంటూ జిగురూ కలిపితే పట్టు వస్తుంది. మొదటి పూత నిలువుగా, రెండోది అడ్డంగా. పొద్దున్నే చల్లపూట మొదలుపెట్టి పది గంటలకల్లా ముగించాలి, వేడి శ్లాబు మీద వేస్తే సున్నం పట్టుకోకముందే ఎండిపోయి పొడి రాలుతుంది. కళ్ళలో పడితే చాలా ప్రమాదం, కళ్ళద్దాలు లేకుండా ఎవరూ ఎక్కవద్దు. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి. విరిగి కింద పడి నడుములు పోగొట్టుకున్న వాళ్ళు నాకు తెలుసు. అడుగున వాసం ఉన్నచోట చెక్క పలక వేసుకుని దాని మీద నిలబడాలి. పాత రేకులను పొడిగా గీకకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి మెత్తగా రుద్దాలి.

సున్నం ప్రతి ఏడాదీ వేయాల్సిందే, వానలు దాన్ని ఉండనివ్వవు. డబ్బు పెట్టగలిగినవాళ్ళు డాబాలకు వాడే సాగే గుణమున్న తెల్ల పూతలు వేయించుకోవచ్చు, అవి చాలా ఏళ్ళు ఉంటాయి, నీరు కారడాన్నీ ఆపుతాయి. వాటికీ దుమ్ము శత్రువే. మన గాలిలో ఏడాది తిరిగేసరికి తెల్లదనం బాగా తగ్గుతుంది, ఉగాదికి ముందు ఒకసారి చీపురుతో రుద్ది కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. తెల్ల మొజాయిక్ పెంకులు పరిచిన డాబా అయితే ఇంకా తేలిగ్గా కడుక్కోవచ్చు.

ఒక అక్కయ్య చేయెత్తారు. వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అడుగుతున్నారు. మంచి ప్రశ్న, డాబా అంటే మనకు సగం వంటిల్లే. తెల్ల డాబా మీద కూడా వడియాలు ఎండుతాయమ్మా. అడుగు వేడి తగ్గుతుంది గానీ పైనుంచి ఎండ పడుతుంది, కింది నుంచి కూడా తిరిగి కొడుతుంది. బట్ట పరిచి పెట్టండి, సున్నం అంటకుండా ఉంటుంది. చలికాలంలో ఇల్లు మరీ చల్లబడదా అని పక్కనున్న తమ్ముడు అడుగుతున్నాడు. హిమాలయాల్లో అయితే ఆలోచించాలి. మనకు చలి ఎన్ని రోజులు నాయనా, ఒక దుప్పటితో సరిపోతుంది. ఎదురు మేడలో వాళ్ళ కళ్ళకు మెరుపు కొడుతుందన్నది నిజమే, మన డాబా వాళ్ళ కిటికీకన్నా కిందుంటే ముందుగా ఒక మాట చెప్పి వేయండి. వీలైతే వాళ్ళ డాబాకూ వేయించండి.

ఇక ఆఖరి సంగతి. ముందు వరుసలోని ఈ పెద్దమ్మగారిది మార్కెట్ యార్డు వెనక రేకుల ఇల్లు. ఇందాక పలక మీద చేయి పెట్టాక, మా ఇంటికి ఎంత సున్నం పడుతుంది నాయనా అని అడిగారు. ఈ ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఆ ఇంటితో మొదలుపెడుతున్నాం. ఆ వరుసలో పదకొండు ఇళ్ళున్నాయి. సున్నం బస్తాలు నేను తెస్తాను, నిచ్చెన గ్రంథాలయం వాళ్ళు ఇస్తామన్నారు. కుంచెలు నాలుగే ఉన్నాయి, ఉన్నవాళ్ళు తెండి. పాత బట్టలు కట్టుకోండి, కళ్ళద్దాలు మరచిపోకండి.